లాక్‌డౌన్‌లో ఏడీహెచ్‌డీ పిల్లలు: రోజుకో పద్ధతి ఎలా తేవాలి, కోపాన్ని ఎలా దాటించాలి

2020 మార్చి 24న 21 రోజుల లాక్‌డౌన్ అన్నారు. ఏప్రిల్ 14 వచ్చేసరికి మే 3 అన్నారు. ఆ తర్వాత మే 17, మళ్ళీ మే 31. పెద్దవాళ్ళు ప్రతి పొడిగింపుకూ ఒకసారి నిట్టూర్చి సర్దుకున్నారు. క్యాలెండర్ మీద రోజుకో గీత కొట్టుకుంటూ వచ్చిన ఎనిమిదేళ్ళ పిల్లాడికి మాత్రం అది మూడుసార్లు మాట తప్పడమే. ఏడీహెచ్‌డీ (దృష్టి నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం, ఆగలేకపోవడం ఉండే ఎదుగుదల సమస్య) ఉన్న పిల్లలకు ఎదురుచూడటమంత కష్టమైన పని ఇంకొకటి లేదు. చూసీ చూసీ చివరికి గీత ముందుకు జరిగితే, ఆ సాయంత్రం ఇంట్లో ఏదో ఒకటి పగులుతుంది.

కాబట్టి మొట్టమొదట చేయాల్సింది ఇది: లాక్‌డౌన్ ఎప్పుడు అయిపోతుందో పిల్లల చేత లెక్కపెట్టించకండి. ‘అది ఇంకా ఎవరికీ తెలీదు నాన్నా. ఆదివారం సాయంత్రం కూచుని వచ్చే వారంలో ఏం చేద్దామో అనుకుందాం’ అనండి. వారం రోజులంటే వాళ్ళ ఊహకు అందుతుంది. నెల అందదు.

బడి మూసేస్తే ఏం పోయిందో ముందు చూడాలి. ఏడీహెచ్‌డీ పిల్లలకు పని మొదలుపెట్టడం, మొదలుపెట్టింది ఆపడం, ఒకదాన్నుంచి ఇంకోదానికి మారడం, వచ్చిన కోపాన్ని పట్టుకుని ఆగడం లోపలినుంచి రావు. వచ్చినా ఆలస్యంగా వస్తాయి. బడిలో ఆ పని బయటినుంచి జరిగిపోయేది. గంట కొడితే లేచేవాళ్ళు. బస్సు హారన్ వినబడితే బూట్లు వేసుకునేవాళ్ళు. డ్రిల్లు పీరియడ్‌లో ఒళ్ళు అలిసేది. నీళ్ళ బాటిల్ నింపుకొస్తానని రెండుసార్లు లేచి తిరిగొచ్చేవాళ్ళు. లాక్‌డౌన్‌లో అవన్నీ ఒక్కసారిగా పోయాయి, గంట కొట్టే పని అమ్మ గొంతు మీద పడింది. పొద్దున లేచింది మొదలు ‘లే, తిను, కూచో, వద్దు, ఆపు’. పిల్ల మనసు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే. వైరస్ భయం దీని తర్వాతి మాట. కింద చెప్పేవాటిలో చాలామటుకు ఆ గంటను గొంతులోంచి తీసి గోడమీదికి, గడియారంలోకి, ఒంటి కదలికలోకి మార్చే ఉపాయాలు.

ఒక వరస పెట్టుకోండి: నిద్ర, కదలిక, ఇంట్లో గొడవ తగ్గడం, ఆ తర్వాతే చదువు. చదువును ముందు పెట్టిన ఇళ్ళలో పై మూడూ చెడి, చదువు కూడా సాగదు.

గోడమీద కాగితం

సగం చార్టు తీసుకోండి. ఆరో ఏడో గళ్ళు గీయండి, అంతకు మించొద్దు. ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు మాటలతో పాటు బొమ్మ కూడా ఉండాలి: పళ్ళెం, బకెట్టు, పుస్తకం, మంచం. గడియారం ప్రకారం కదలకూడనివి నాలుగే: లేవడం, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం ఆట, పడుకోవడం. మధ్యలోవన్నీ వరస ప్రకారం సాగితే చాలు. టిఫిన్ అయ్యాక స్నానం, స్నానం అయ్యాక క్లాసు. టిఫిన్ ఎనిమిదింటికి అయిందా, ఎనిమిదిన్నరకా అన్నది పట్టించుకోవద్దు. చార్టు అంచుకు బట్టల క్లిప్పు ఒకటి పెట్టి, పని అయినప్పుడల్లా పిల్ల చేతే కిందికి జరిపించండి. ఆ జరపడంలోనే ‘అయిపోయింది’ అన్న తృప్తి ఉంది. రెండు గళ్ళలో ఏముండాలో పిల్లలే చెప్పాలి.

ఇది ఎక్కడ చెడుతుందంటే, ఆదివారం రాత్రి నాన్నగారు స్కేలు పెట్టి, ఉదయం 6 నుంచి రాత్రి 9 దాకా పద్నాలుగు గళ్ళ టైంటేబుల్ వేస్తారు. మంగళవారానికి అది తప్పుతుంది. బుధవారం నుంచి ‘గోడమీద ఏం రాసుంది, నువ్వేం చేస్తున్నావు’ అని తిట్టడానికి ఇంకో ఆధారంగా మిగులుతుంది. అలా అయితే నిస్సంకోచంగా చించేసి, నాలుగు గళ్ళతో మళ్ళీ మొదలుపెట్టండి. సరిగ్గా వేసిన చార్టు కూడా పది పదిహేను రోజులకు పాతబడుతుంది, పిల్లలు దాన్ని చూడటం మానేస్తారు. కొత్తదనం కోరే బుర్ర అది. రంగు మార్చండి, గోడ మార్చండి, క్లిప్పు బదులు అయస్కాంతం పెట్టండి. లోపలి వరస మాత్రం మార్చకండి.

కాలం కంటికి కనపడాలి. ‘ఇంకో పావుగంట’ అన్న మాటకు వీళ్ళ లోపల కొలత లేదు. ముల్లున్న గోడగడియారం అద్దం మీద రంగు టేపు ముక్క అంటించి, ‘పెద్ద ముల్లు ఇక్కడికొస్తే ఆపేద్దాం’ అనండి. ఇసుక గడియారం, వంటింటి టైమరు కూడా పనికొస్తాయి. ఫోన్‌లో టైమరు పెట్టకపోవడమే మంచిది, ఆపడానికి ఫోన్ చేతికి తీసుకున్నాక ఇంక వదలరు. కుక్కర్ మూడు కూతలు వచ్చేదాకా అనే పద్ధతి కొన్ని ఇళ్ళలో ఉంది. సరదాగానే ఉంటుంది కానీ మూడో కూత ఎప్పుడొస్తుందో మంటకే తెలియాలి, దాని మీద కూడా పేచీ పెడతారు.

2021 మేలో మళ్ళీ కట్టడి పెట్టినప్పుడు తెలంగాణలో పొద్దున 6 నుంచి 10 దాకా, ఆంధ్రప్రదేశ్‌లో మధ్యాహ్నం 12 దాకా సడలింపు ఉండేది. ఇంటి హడావుడంతా ఆ కాస్త వేళలోనే. పాలు, కూరలు, మందులు, బ్యాంకు. పిల్లల పద్ధతి చెడేది కూడా అప్పుడే. ఆ వేళకు వాళ్ళకొక ఉద్యోగం ఇవ్వండి: సంచులు లెక్కపెట్టి ఇవ్వడం, జాబితాలో టిక్కులు పెట్టడం, తెచ్చిన కూరగాయలు కడిగి బట్ట మీద ఆరబెట్టడం. ఖాళీగా వదిలితే ఆ హడావుడిని వాళ్ళు రెట్టింపు చేస్తారు.

చెప్పే మాట

వంటింట్లోంచి వినపడే మామూలు వాక్యం ఇలా ఉంటుంది: ‘ఒరేయ్, ఎన్నిసార్లు చెప్పాలిరా, ఆ ఫోను అక్కడ పెట్టి స్నానం చేసొచ్చి పుస్తకాలు తీసి కూచో, అవతల క్లాసు మొదలైపోతోంది!’ ఇందులో నాలుగు పనులు, ఒక నింద ఉన్నాయి. పిల్లాడి చెవిలో మిగిలేది నింద ఒక్కటే. నాలుగు పనుల్ని వరసగా గుర్తుపెట్టుకునే పలక వాడి దగ్గర చిన్నది.

పొయ్యి తగ్గించి వాడి దగ్గరికి నడవండి. భుజం మీద చెయ్యి వేయండి. కళ్ళు మీ వైపు తిరిగాక, ‘నాన్నా, ముందు స్నానం. ఇదిగో టవల్’ అనండి. ఐదారు మాటలు చాలు. ‘ఇప్పుడేం చేస్తున్నావు?’ అని అడిగి వాడి నోటితో ‘స్నానం’ అనిపించండి. ఇష్టమైన పని ఆపించాలంటే పది నిమిషాల ముందు ఒకసారి, రెండు నిమిషాల ముందు ఇంకోసారి ఇలాగే దగ్గరికెళ్ళి చెప్పాలి. దూరం నుంచి పదిసార్లు అరవడం కంటే రెండుసార్లు నడవడం తక్కువ శ్రమ. మొదటి మూడు రోజులు అలా అనిపించదు గానీ నిజం.

మెచ్చుకోలుకు కూడా కొలత కావాలి. పొద్దునే కుడి జేబులో, చీరైతే కొంగు ముడిలో, పది చింతగింజలు వేసుకోండి. పిల్ల చేసిన పనిని పేరు పెట్టి మెచ్చుకున్నప్పుడల్లా ఒక గింజ డబ్బాలో వేయండి. ‘గుడ్ గర్ల్’ లెక్కలోకి రాదు. ‘చెల్లి మాట్లాడుతుంటే ఆగావు’, ‘పిలవగానే ఒక్కసారికే తిరిగి చూశావు’, ఇవి వస్తాయి. రాత్రికి జేబులో ఎన్ని మిగిలాయో చూస్తే ఆ రోజు ఎలా గడిచిందో తెలుస్తుంది. ఇవి మీ లెక్క కోసం. పిల్లలకిచ్చే గింజలు వేరు: అనుకున్న ఒకటి రెండు పనులకు వెంటనే గింజ, ఐదైతే ఆ రాత్రే బహుమతి. నాన్నతో దిండ్ల యుద్ధం, రేపటి టిఫిన్ ఏంటో తానే చెప్పడం, ఇలాంటివి. ‘నెలంతా బుద్ధిగా ఉంటే సైకిల్’ అన్నది పనిచేయదు, నెల చాలా దూరం. ఒకసారి ఇచ్చిన గింజను ఎంత కోపమొచ్చినా వెనక్కి లాక్కోవద్దు. లాక్కున్న రోజే ఆట అయిపోతుంది.

రోజుకు పది నిమిషాలు పిల్ల చెప్పినట్టు మీరు ఆడండి. ఒకే వేళకు, ఫోన్ లేకుండా. ఆ పది నిమిషాల్లో నేర్పొద్దు, సరిదిద్దొద్దు, ప్రశ్నలు అడగొద్దు. ‘లారీ మంచం కిందికి పోతోంది’ అని ఆటను చూసినట్టు చెప్పండి చాలు. ముందరి గంటలో ఎంత గొడవ జరిగినా ఇది శిక్ష కింద రద్దు కాకూడదు.

ఒళ్ళు అలిసే పని

రోజుకు మొత్తం గంట కదలిక కావాలి. ఒకేసారి అక్కర్లేదు, పది పదిహేను నిమిషాల ముక్కలు చేయండి, ఒక ముక్క క్లాసుకు ముందే ఉండాలి. రెండు పడగ్గదుల ఫ్లాట్‌లో ఎగిరితే కింది ఇంటివాళ్ళు తలుపు కొడతారు కాబట్టి ఎగరడం బొంత మీదే. ఎగరడం కన్నా బరువు లాగే పనులు కొందరు పిల్లల్ని ఎక్కువ కుదుటపరుస్తాయి: అరబకెట్టు నీళ్ళు బాల్కనీ కుండీల దాకా మోయడం, చపాతీ పిండి పిసకడం, తడిబట్టలు పిండి ఆరేయడం, గోడను రెండు చేతులతో నెట్టడం. డాబా ఉంటే తాడాట, తొక్కుడుబిళ్ళ. ఏప్రిల్, మే ఎండల్లో పొద్దున 7 లోపు, సాయంత్రం 5:30 తర్వాతే. పిట్టగోడ చిన్నదైతే పెద్దవాళ్ళు పక్కన ఉండాల్సిందే, ఆలోచించకుండా ఎక్కేస్తారు.

అష్టాచెమ్మా, వామనగుంటలు వంతు కోసం ఆగడం నేర్పుతాయి. కానీ ఇంటిల్లిపాదీ కూచుంటే వంతు రావడానికి చాలాసేపు పడుతుంది, అప్పటికి పిల్ల లేచిపోతుంది. ఇద్దరే ఆడండి, నాలుగు కాయల బదులు రెండేసి పెట్టుకోండి, పావుగంటలో తేలిపోతుంది. గవ్వలు వేసే ముందే ‘ఓడితే ఏం చేద్దాం?’ అని ఒప్పందం కావాలి. ‘గట్టిగా ఒక కేక వేసి, నీళ్ళు తాగొస్తా’ అన్నా సరే. బోర్డు తిరగేయడం కంటే కేక నయం.

మనసుకు పేర్లు పెట్టడం

పిల్లల దగ్గర రెండే మాటలుంటాయి: ‘కోపం’, ‘బోరు’. లాక్‌డౌన్‌లో వచ్చిన ప్రతి బాధా ఈ రెంటి కిందికే వచ్చేది. తెలుగులో ఇంతకన్నా నయమైన సరుకు ఉంది, వాడుకోండి. విసుగంటే ఒకే పని చేసీ చేసీ వచ్చేది. బెంగ ఒక మనిషి మీదో, చోటు మీదో ఉంటుంది: క్లాసులో పక్కన కూచునే నేస్తం, అమ్మమ్మ ఊరు. ఉక్రోషం ఓడినప్పుడో, నలుగురిలో మాటపడ్డప్పుడో ఏడుపూ కోపమూ కలిసి వచ్చేది. దిగులుకు కారణం చెప్పలేరు, సాయంత్రాలు ఎక్కువ. భయం వేరే.

పేరు తెలిస్తే మందు కూడా తెలుస్తుంది. విసుక్కుంటే ఒంటికి పని చెప్పాలి. బెంగ పెట్టుకుంటే ఫోన్ కలపాలి. అయితే వీడియో కాల్‌లో ఏడీహెచ్‌డీ పిల్లలు రెండు నిమిషాలకే లేచి వెళ్ళిపోతారు. ఇద్దరికీ ఏదో ఒక పని పెట్టండి, అవతల వాడూ ఇవతల వీడూ ఒకే బొమ్మ గీస్తూ మాట్లాడుకుంటే పదిహేను నిమిషాలు నిలుస్తుంది. ఉక్రోషం వస్తే ముందు చుట్టూ ఉన్న జనాన్ని తప్పించాలి. దిగులుకు పక్కన కూచోవడం చాలు, మాటలు అక్కర్లేదు. ‘బోరు కొడుతోంది’ అని రోజంతా అనే పిల్లను ఒకసారి ‘విసుగా, బెంగా?’ అని అడిగి చూడండి. చాలాసార్లు రెండోదే అవుతుంది.

అల్లరి లేని ఏడీహెచ్‌డీ కూడా ఉంది. పరధ్యానంగా, నెమ్మదిగా ఉండే పిల్లలు వీళ్ళు, ఆడపిల్లల్లో ఈ రకం ఎక్కువగా కనపడుతుంది. వీళ్ళు గ్లాసులు పగలగొట్టరు కాబట్టి లాక్‌డౌన్‌లో ‘పాపం, ఏ గొడవా లేదు’ అనుకుని ఇంట్లో మర్చిపోతారు. గదిలో మూలన ఫోన్ పట్టుకుని, మిగిలిపోయిన హోంవర్క్ దాచిపెట్టి, ‘నేను మొద్దుని’ అని లోపల అనుకుంటూ ఉంటారు. పది నిమిషాల ఆట వీళ్ళకు ఇంకా ఎక్కువ అవసరం.

కోపం పగిలినప్పుడు

పగలడానికి ముందు గుర్తులుంటాయి. గొంతు లేస్తుంది, చెవులు ఎర్రబడతాయి, ఒకే మాట తిప్పి తిప్పి అంటుంటారు. కాగితం మీద ఐదు మెట్లు గీసి, ప్రశాంతంగా ఉన్న రోజు పిల్లతోనే నింపించండి: ఒకటో మెట్టు మీద ఎలా ఉంటాను, మూడో మెట్టు మీద కాళ్ళూ చేతులూ ఏం చేస్తాయి, ఐదో మెట్టు మీద ఏమవుతుంది. మీరు కలగజేసుకోవాల్సింది మూడో మెట్టు దగ్గర. ఐదో మెట్టు మీద పాఠం చెప్పినా తలకెక్కదు.

ఐదుకు వచ్చేస్తే చేసేది ఇంతే. మాటలు తగ్గించండి, ‘నేనిక్కడే ఉన్నా’ ఒక్కటి చాలు. చెల్లినీ తమ్ముడినీ పక్క గదికి పంపండి. కత్తెర, గాజు సామాను, ఫోన్ చేతికందకుండా తీసేయండి. నిలబడి పైనుంచి చూడకుండా కింద కూచోండి, ఎదురుగా కాదు, కాస్త పక్కకు. కళ్ళలోకి చూడమని బలవంతం వద్దు. కేకలు తగ్గి ఏడుపులోకి దిగాక నీళ్ళివ్వండి. ఆ తర్వాత కూడా ఒళ్ళు చల్లబడటానికి అరగంట దాకా పడుతుంది. ఈలోగా ‘ఎందుకలా చేశావు? సారీ చెప్పు’ అంటే మళ్ళీ మొదటికే వస్తుంది. తప్పు ఒప్పుకోవడం లేదని కాదు, ఇంకా ఆలోచించే స్థితికి రాలేదు. అరగంట తర్వాత మూడే మాటలు: ఏం జరిగింది, ముందు గుర్తు ఏం కనపడింది, ఇప్పుడు దేన్ని సరిచేద్దాం. ఒలికింది తుడవడం, చింపిన చెల్లి పుస్తకం అతకడం. అంతటితో ఆ కేసు మూసేయాలి, రాత్రి నాన్న రాగానే మళ్ళీ తెరవొద్దు.

ఇంట్లో ఒక చల్లబడే మూల పెట్టండి. మంచం పక్కన దుప్పటి డేరా, బీరువా వెనక సందు, ఏదైనా సరే. ఒక దిండు, నీళ్ళ సీసా, పిసకడానికి గోధుమపిండి నింపిన బెలూన్. అక్కడికి ‘పో’ అనకూడదు; ‘వెళ్దామా?’ అనాలి, మామూలు వేళల్లో కూడా అక్కడ కూచుని కథ చెప్పుకోవాలి. బాత్రూంలో పెట్టి గడియ వేయడం, చీకటి గది, ఇవి భయాన్ని తప్ప దేన్నీ నేర్పవు.

‘మా రోజుల్లో ఒక్కటి తగిలిస్తే దారికొచ్చేవాళ్ళు’ అనే పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటారు. లాక్‌డౌన్‌లో ఇరవై నాలుగు గంటలూ ఉంటారు. వాళ్ళతో ఏడీహెచ్‌డీ గురించి వాదన పెట్టుకుంటే పిల్ల ముందే తగవు. పిల్ల నిద్రపోయాక ఒక్క ముక్క చెప్పండి: ‘అత్తయ్యా, వాడు వినకూడదని కాదు, ఆగలేకపోతున్నాడు. అప్పుడు మీరేమీ అనకుండా గ్లాసుడు నీళ్ళు మాత్రం ఇవ్వండి.’ ఆపైన ఆవిడకు వాడి దగ్గర ఒక మంచి పదవి ఇవ్వండి: రాత్రి ఎనిమిదిన్నర కథ నాయనమ్మది, అష్టాచెమ్మా పందెం తాతయ్యది. తిట్టేవాళ్ళ జాబితాలోంచి వాళ్ళు తప్పుకుంటే పిల్లకు ఇంట్లో ఒక ఒడి దొరుకుతుంది.

మీ గొంతు మీకే లేస్తుంటే ‘నేను నీళ్ళు తాగి వస్తా’ అని చెప్పి రెండు నిమిషాలు బయటికి వెళ్ళండి. ఇద్దరూ ఇంట్లో ఉంటే రెండేసి గంటల వంతులు వేసుకోండి. ఏడీహెచ్‌డీ కుటుంబాల్లో వచ్చేది, కొన్నిసార్లు ఆ వంతు మర్చిపోయే నాన్నకో, మాట మీద ఆగలేని అమ్మకో కూడా ఉంటుంది. ఆ వంతులు కూడా గోడమీద రాసుకోవడం మంచిది.

ఆన్‌లైన్ క్లాసు

2020 జులైలో కేంద్ర విద్యాశాఖ ఇచ్చిన ‘ప్రజ్ఞాత’ మార్గదర్శకాలు ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా రోజుకు 30 నుంచి 45 నిమిషాల క్లాసులు రెండుకు మించొద్దన్నాయి. నాలుగైదు గంటలు కూచోబెట్టే బడితో మాట్లాడేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

కూచునే చోటు కిటికీకి కాకుండా గోడకు ఎదురుగా ఉండాలి. కాళ్ళు గాల్లో వేలాడకూడదు, కింద పీట వేయండి. కుర్చీ ముందు కాళ్ళకు అడ్డంగా పాత సైకిల్ ట్యూబు ముక్క కట్టండి, పాదంతో లాగుతూ కూచుంటారు. ఆ కదలికే వాళ్ళను క్లాసులో నిలబెడుతుంది. తెరమీద తన మొహం తనకు కనపడకుండా దాచేయండి, లేకపోతే క్లాసంతా తన జుట్టే చూసుకుంటారు. గీతలు గీసుకోవడానికి ఒక చిత్తుకాగితం ఇవ్వండి. మొదటి ఐదు నిమిషాలు పక్కన కూచుని, పాఠం పేరూ పేజీ నంబరూ రాయించి లేవండి. అక్కడ దాటితే చాలావరకు దాటినట్టే.

టీచర్‌కు ముందే ఒక సందేశం పంపండి: ‘నమస్తే మేడమ్, బాబుకు ఏడీహెచ్‌డీ ఉంది. క్లాసులో రెండుసార్లు నిలబడటానికి అనుమతి ఇవ్వండి. నోట్సు ఫొటో పంపితే రాయిస్తాను. లెక్కల్లో బేసి నంబర్లవి మాత్రం చేయిస్తాను.’ మూడు కోరికలు చాలు, పెద్ద ఉత్తరమైతే చదవరు. అందరి ముందు పేరు పెట్టి మందలించవద్దని మాత్రం ఫోన్ చేసి మాటగా చెప్పండి. నలభై మంది తెరల ముందు పడిన మాట ఈ పిల్లల్లో వారాల తరబడి ఉంటుంది.

తెలంగాణలో 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ (రాష్ట్ర ప్రభుత్వ చదువుల చానెల్)లలో పాఠాలు వచ్చాయి. టీవీ పాఠం ఆగదు, అడిగితే పలకదు. పక్కన కూచుని, పాఠం అయ్యాక ఒక్క ప్రశ్న వేసి వదిలేయండి.

నిద్ర, వార్తలు

ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. నిద్రపట్టే వేళ మీ చేతుల్లో ఉండదు, లేపే వేళ ఉంటుంది. ఆదివారమైనా గంటకు మించి తేడా రానివ్వకండి. పడుకునే గంట ముందు తెరలన్నీ బంద్, పెద్దవాళ్ళవి కూడా. నిద్రపట్టడానికని జలుబు సిరప్పు పట్టించడం కొన్ని ఇళ్ళలో అలవాటు, అది చేయొద్దు.

వార్తల చానెల్ రోజంతా మోగుతుంటే వాళ్ళు చూడనట్టే ఉండి అంతా వింటారు. రోజుకు ఒక్కసారి, పిల్లలు లేనప్పుడు చూడండి. ఇంట్లో ఎవరికైనా కరోనా వచ్చి గదిలో విడిగా ఉండాల్సి వస్తే, పొద్దున ఒక వేళకు, రాత్రి ఒక వేళకు వీడియో కాల్ అని గోడమీద రాయండి. పడుకునేటప్పుడు అమ్మ గొంతు రికార్డు వినిపించండి. ఎవరైనా పోతే ‘ఊరెళ్ళారు’ అనకండి. ‘తాతయ్య చనిపోయారు, ఇంక రారు’ అని సూటిగా చెప్పాలి. ఐదు నిమిషాల తర్వాత వాడు బంతి ఆడుకోవచ్చు, నాలుగు రోజుల తర్వాత చిన్న విషయానికి గోల చేయొచ్చు. రెండూ దుఃఖమే.

మందులు వాడే పిల్లలకు

ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్ మన దేశంలో షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే కట్టుదిట్టంగా అమ్మాల్సిన మందుల జాబితాలోది. చీటీ రెండు ప్రతులుండాలి, ఒకటి దుకాణంలో ఉంచుకుంటారు, అన్ని షాపుల్లోనూ దొరకదు. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ (ఫోన్‌లో, వీడియోలో వైద్యం) మార్గదర్శకాల ప్రకారం ఫోన్ ద్వారా ఈ మందు రాయకూడదు. అంటే కాల్‌లో డాక్టర్ సలహా ఇవ్వగలరు, ఈ చీటీ మాత్రం ఇవ్వలేరు. అందుకే లాక్‌డౌన్‌లో రెండు రోజుల మాత్రలు మిగిలాక కదిలినవాళ్ళు ఇబ్బంది పడ్డారు. సీసా మీద తేదీ రాసి, రెండు వారాల మాత్రలు మిగిలి ఉండగానే ఆసుపత్రికి ఫోన్ చేయండి, పిల్లను కూడా తేవాలా అని అడగండి. ఏడీహెచ్‌డీకే వాడే ఇంకో మందు అటామాక్సెటీన్ ఆ జాబితాలో లేదు కానీ దాని ఫలితం కనపడటానికి వారాలు పడుతుంది. దాన్నీ దీన్నీ సొంతంగా మార్చుకోకూడదు. క్లోనిడిన్ అనే మందు వాడుతుంటే ఒక్కసారిగా ఆపేయొద్దు, రక్తపోటు ఒక్కసారి ఎగబాకే ప్రమాదముంది.

‘బడి లేదుగా, మాత్ర ఎందుకు?’ అని చాలామంది ఆపేశారు. మాత్ర మార్కుల కోసం ఒక్కటే కాదు, నలుగురితో కలిసి ఒకే ఇంట్లో రోజంతా ఉండటానికి కూడా. ఆపాలో వద్దో డాక్టర్‌తో తేల్చుకోండి. అలాగే గొడవ ఎక్కువైన రోజున ఇంకో మాత్ర వేయడం కూడా తప్పు. టిఫిన్ పెట్టాకే మాత్ర ఇవ్వండి, తర్వాత ఆకలి చచ్చిపోతుంది. మామూలు మాత్ర మూడు నాలుగు గంటలు, నెమ్మదిగా కరిగేది 8 నుంచి 12 గంటలు పనిచేస్తుంది. నెమ్మదిగా కరిగేవాటిని నమలకూడదు. ప్రభావం దిగే సాయంత్రం వేళ చిరాకు పెరుగుతుంది. ఆ వేళకు హోంవర్క్ పెట్టకండి. పెరుగన్నమో అరటిపండో పెట్టి ఆడనివ్వండి. నెలకొకసారి బరువు, వీలైతే బీపీ, నాడి రాసిపెట్టుకోండి, ఫోన్‌లో డాక్టర్ అడిగే మొదటి ప్రశ్నలవే. డబ్బా పెద్దవాళ్ళ బీరువాలో, తాళం వేసి.

రెండు వారాలుగా ఇష్టమైన ఆట కూడా వద్దంటున్నా, తిండీ నిద్రా మారిపోయినా డాక్టర్‌తో మాట్లాడండి. ‘నేను లేకపోతే మీకు బాగుంటుంది’, ‘చచ్చిపోవాలనుంది’ అంటే, కోపంలో అన్నా సరే, ఆ రోజే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలిమానస్ 14416 ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. పిల్లల మీద దెబ్బలు శ్రుతి మించుతున్న ఇల్లయితే పిల్లల హెల్ప్‌లైన్ 1098. ప్రాణం మీదికి వస్తే 112. హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి.

బడి మళ్ళీ తెరిచేటప్పుడు

తెరిచే తేదీ ఖాయమయ్యాక రెండు వారాల ముందు మొదలుపెట్టండి. రెండు రోజులకోసారి పావుగంట చొప్పున లేచే వేళ ముందుకు తెండి. మాస్కు ఇంట్లో ఐదు నిమిషాలతో మొదలెట్టి అరగంట దాకా అలవాటు చేయండి, నమిలి తడిపేస్తారు కాబట్టి బ్యాగులో రెండు అదనంగా పెట్టండి. ఒక సాయంత్రం బడి గేటు దాకా వెళ్ళి చూసి రండి. క్లాసులో ఒక్క నేస్తంతోనైనా ముందే ఫోన్‌లో మాట్లాడించండి. మొదటి రెండు వారాలు ట్యూషన్ వద్దు. బడిలో రోజంతా పళ్ళబిగువున కూచుని ఇంటికి రాగానే పగులుతారు. చెప్పులు విప్పీ విప్పకముందే ‘ఏం చెప్పారు, ఎంత రాశావు’ అని అడగకుండా, ఏదైనా తినడానికి పెట్టి అరగంట వదిలేయండి.